జూలై 28న స్టాన్లీ ఫాదర్‌కి విగ్రహం పెట్టాలా, ఇంకేమైనా చెయ్యాలా?

జ్ఞానాపురం_జోజి
మా విచారణ (పారిష్) యువత ఈసారి జూలై 28న ధన్య స్టాన్లీ రోథర్‌ని స్మరించుకోవాలని అనుకున్నారు. ధన్యుడంటే పునీతుడికి (సెయింట్‌కి) ఒక మెట్టు కింద. నేనూ చెయ్యెత్తాను. తీరా కమిటీ కూర్చుంటే మాటంతా నాలుగడుగుల ఫైబర్ విగ్రహం, గేటుకి అటూ ఇటూ ఫ్లెక్సీలు, మైకుసెట్టు, మధ్యాహ్నం బిర్యానీ చుట్టూనే తిరిగింది. విగ్రహానికే 50 వేలు. ఆయనెవరు, ఎందుకు చంపారు అని అడిగితే పదిమందిలో ఇద్దరు చెప్పగలిగారు. పేదల మధ్య బతికి వాళ్లకోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషికి ఇదా మనం చేసే మర్యాద అన్నాను. "నువ్వు అన్నిటికీ అడ్డమే" అన్నారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. నాదే తప్పా?

సీతమ్మధార_శారద
మేము చర్చికి వెళ్లేవాళ్లం కాదు. ఆయనెవరో నాకూ తెలీదు. ముందు ఆ కథ చెప్పండి, తప్పొప్పులు తర్వాత చూద్దాం.

పాత_ఉపదేశి
నేను చెప్తాను, జోజి కోపం కాస్త చల్లారనీ.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, ఓకార్చి అని చిన్న ఊరు. 1935లో పుట్టాడు. రైతు బిడ్డ. ట్రాక్టరు తోలడం, పొలం పని అన్నీ వచ్చు. లాటిన్ మాత్రం ఎక్కలేదు. ఆ రోజుల్లో గురువు, అంటే ఫాదర్ కావాలంటే లాటిన్ లేకుండా కుదరదు. ఫెయిలయ్యాడు, సెమినరీవాళ్లు (ఫాదర్లని తయారుచేసే బడివాళ్లు) ఇంటికి పంపేశారు. బిషప్‌గారు ఇంకో అవకాశమిచ్చి మేరీలాండ్‌లో వేరే సెమినరీలో చేర్పిస్తే అక్కడ గట్టెక్కాడు. 1963లో గురుపట్టం.

1968లో గ్వాటెమాలా దేశంలో శాంతియాగో అతిత్లాన్ అనే ఊరికి వెళ్లాడు. పెద్ద సరస్సు, చుట్టూ అగ్నిపర్వతాలు, ఒడ్డున మాయా జాతి జనం. వాళ్ల భాష త్సూతుహీల్. లాటిన్ రాక ఇంటికొచ్చిన ఆ మనిషే స్పానిష్ నేర్చుకున్నాడు, దానిమీద త్సూతుహీల్ నేర్చుకున్నాడు, కొన్నేళ్లకి ఆ భాషలోనే పూజ చెప్పి ప్రసంగం చేసే స్థితికి వచ్చాడు. కొత్త నిబంధన ఆ భాషలోకి రావడంలో ఆయన చెయ్యి ఉంది. పొలాలు చదును చేయించాడు, పాడైన బండ్ల కింద దూరి బాగుచేశాడు, ఆస్పత్రి నడిపించాడు, మిషన్‌కి ఉన్న రేడియోని నడిపించాడు. ఆయన నడిమి పేరు ఫ్రాన్సిస్. దాన్ని వాళ్ల భాషలో అప్లాస్ అంటారట, అందుకని జనం "పాద్రే అప్లాస్" అని పిలుచుకున్నారు. మన పాత తరంవాళ్లు పాదిరిగారు అనే మాటా ఆ పాద్రేలోంచి వచ్చిందే.

గాజువాక_గాబ్రి
లాటిన్ ఫెయిలా! మా అబ్బాయి ఇంటర్‌లో సంస్కృతం పోగొట్టుకుని మూడ్రోజులుగా ముఖం గోడకి తిప్పుకుని పడుకున్నాడు. ఈ పోస్టు గట్టిగా చదివి వినిపించాను. లేచి పెరుగన్నం తిన్నాడు. ఉపదేశిగారూ, మీకు పుణ్యముంటుంది.

సీతమ్మధార_శారద
ఇంత మంచిపని చేసేవాణ్ణి ఎవరు చంపారు, ఎందుకు?

పాత_ఉపదేశి
అక్కడ 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. సుమారు 2 లక్షల మంది చనిపోయారు లేదా మాయమయ్యారు. ఐక్యరాజ్యసమితి అండతో వేసిన సత్యశోధన కమిషన్ 1999లో నివేదిక ఇచ్చింది. గుర్తుపట్టగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా జనమే. అఘాయిత్యాల్లో 93 శాతం సైన్యం, దాని తోడు ముఠాల పని. పేదలకి అక్షరం నేర్పినా, కలిసి సాగు చేసుకోండి అన్నా, చనిపోయినవాళ్ల పెళ్లాం బిడ్డలకి గింజలిచ్చినా తిరుగుబాటుదారుల జట్టు అని ముద్ర వేసేవాళ్లు. ఊళ్లలో మతపాఠాలు చెప్పే ఉపదేశుల్ని ఎత్తుకుపోయారు. రేడియో స్టేషన్ ధ్వంసం చేశారు, దాన్ని నడిపేవాణ్ణి చంపారు. స్టాన్లీ ఫాదరు దారుల వెంట పడేసిన శవాల్ని వెతికి తెచ్చి సమాధి చేసేవాడు.

1981 జనవరిలో చంపాల్సినవాళ్ల జాబితాలో తన పేరుందని తెలిసి ఓక్లహోమా వెళ్లాడు. ఏప్రిల్‌లో, పవిత్ర వారానికి, తిరిగొచ్చేశాడు. జూలై 28 అర్ధరాత్రి దాటాక ముసుగులేసుకున్న ముగ్గురు విచారణ గృహంలో దూరారు. ఎత్తుకుపోయినవాళ్లకి ఏం గతి పడుతుందో ఆయన చూసినవాడే, పెనుగులాడాడు. ఇంట్లో ఇంకా మనుషులున్నారు. కేకేస్తే వాళ్లు బయటికొచ్చి చస్తారని నోరెత్తలేదు. తలలో కాల్చారు. 46 ఏళ్లు.

జాలరిపేట_అప్పన్న
గుండె సంగతి సెప్పలేదేటి మాస్టారూ. దేహాన్ని అమెరికా పంపీసినారు గానీ గుండెని మాత్రం మా దగ్గరే ఉంచండి అని ఊరోళ్లు అడిగినారంట. ఇప్పటికీ ఆ గుడిలోనే ఉన్నాది. మా ఫాదరు పోయినేడు పూజలో సెప్తే మా ఆవిడ ఏడ్సేసింది. నేనూ ఏడ్సినాను, లేదని సెప్పను.

మర్రిపాలెం_మధు
కథ కదిలించింది, నిజమే. కానీ ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. అమెరికా ఆయన, గ్వాటెమాలాలో పోయాడు. విశాఖపట్నంలో ఆయన పేరున ఉత్సవమెందుకు? మన దేశంలో పేదలకోసం పోయినవాళ్లు లేరా?

గాజువాక_గాబ్రి
ఉన్నారు. సిస్టర్ రాణీ మరియా. కేరళ ఆమె, మధ్యప్రదేశ్‌లో ఉదయ్‌నగర్ దగ్గర వడ్డీ వ్యాపారుల చేతిలో నలిగిపోతున్న గిరిజనుల పక్షాన నిలబడింది. 1995 ఫిబ్రవరి 25న బస్సులో పట్టపగలు కత్తితో పొడిచి చంపారు. 54 గాయాలు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో ధన్యురాలిగా ప్రకటించారు. స్టాన్లీ ఫాదర్‌కి ఆ గౌరవం దక్కింది అదే ఏడు సెప్టెంబరు 23న. అలాగే 1997 అక్టోబరులో హజారీబాగ్‌లో ఏ.టి. థామస్ అనే జెస్విట్ ఫాదర్, దళితుల భూమి కోసం నిలబడ్డందుకు తల నరికేశారు.

సీతమ్మధార_శారద
రాణీ మరియా పేరు నాకు తెలుసు. ఆవిడ సొంత చెల్లెలు, ఆమె కూడా సిస్టరే, జైలుకి వెళ్లి చంపినవాడికి రాఖీ కట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు వంట మీద ధ్యాస లేదు. నాకు అంత మనసు ఎప్పటికైనా వస్తుందా అనిపించింది.

జ్ఞానాపురం_జోజి
మధుగారూ, మీ ప్రశ్న మా కమిటీలోనూ వచ్చింది. నా జవాబు ఒకటే. మన ఊరికి 1846లో వచ్చిన మొదటి మిషనరీ ఫాదర్లు ఫ్రాన్స్ సరిహద్దులోని సవోయ్ నుంచి వచ్చారు, ఆనెసీ పట్టణం నుంచి. వాళ్లు మొదలుపెట్టిన సెయింట్ అలోషియస్ బడికి 1847 నాటి చరిత్ర ఉంది. ఊరు తెలీదు, భాష తెలీదు, ఎండ తెలీదు. జ్వరాలకి చిన్న వయసులోనే పోయినవాళ్లున్నారు. పరాయివాడు మన మధ్యకొచ్చి మనవాడైపోవడం అంటే ఏంటో విశాఖవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే స్టాన్లీ నాకు దూరంగా అనిపించడు.

మర్రిపాలెం_మధు
ఒప్పుకుంటా. మా నాన్న ఆ బడిలోనే చదివారు.

సీతమ్మధార_శారద
నాకు మింగుడుపడనిది వేరే. ఒకసారి ప్రాణంతో ఇంటికొచ్చాడు కదా. అమ్మానాన్నా బతికే ఉన్నారు. అంత తెలిసీ మళ్లీ ఎందుకు వెళ్లాలి? నేనూ ఒక కొడుకు తల్లిని. వాడు అలా బయల్దేరితే గుమ్మానికి అడ్డం పడుకుంటాను. బతికుంటే ఇంకో ముప్పై ఏళ్లు సేవ చేసేవాడుగా. ఆ చావు వల్ల ఎవరికి ఏం ఒరిగింది?

పాత_ఉపదేశి
1980 క్రిస్మస్‌కి ఇంటివైపు విశ్వాసులకి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పాడమ్మా. ఆపద వాసన తగలగానే కాపరి పారిపోకూడదని.

సీతమ్మధార_శారద
ఆ మాట గొప్పదే. తల్లికి మాత్రం సరిపోదు.

జాలరిపేట_అప్పన్న
శారదమ్మా, మీకు పడవ లెక్కలో సెప్తాను. బోటు నడిపే సరంగు ఉంటాడు, ఆడి కింద పనిసేసే కలాసీలుంటారు. గాలి తిరిగిందనుకో, సరంగు ముందు దిగడు. దిగితే మర్నాటి నుంచి ఆడి ఎనకాల ఏ కలాసీ యేటకి రాడు. మా అయ్య సరంగే. ఓపాలి తుపానుకి ఎనక్కొచ్చీసి, ఇంకో బోటోళ్లు రాలేదని మళ్లీ ఎల్పోనాడు. మాయమ్మ ఇసకలో కూలబడి తిట్టింది, మొక్కింది, రెండూ సేసింది. ఆయన తిరిగొచ్చినాడు, ఈ ఫాదరు రాలేదు, అంతే తేడా. మీరు తల్లి లెక్కన మాటాడినారు, తప్పు లేదు.

సీతమ్మధార_శారద
అప్పన్నగారూ, చదివి కాసేపు ఏం రాయాలో తెలీలేదు.

డాల్ఫిన్‌నోస్_డేవిడ్
చావు వల్ల ఏం ఒరిగిందని అడిగారు కాబట్టి ఒకటి కలుపుతా. ఆ ఊళ్లో 1990 డిసెంబరు 2న సైన్యం నిరాయుధ జనం మీద కాల్చింది, 13 మంది పోయారు. జనం చెదరలేదు. సంతకాలు సేకరించి సైన్యాన్ని ఊరొదిలి వెళ్లేదాకా ఊరుకోలేదు. వెళ్లిపోయింది కూడా. అదంతా ఆయన వల్లేనని నేను అనను. కానీ అంతకు తొమ్మిదేళ్ల ముందు పారిపోకుండా నిలబడ్డవాణ్ణి చూసిన జనం వాళ్లు.

ఇంకోటి. ఆయన నిలబెట్టిన ఆస్పత్రి పనబాహ్ అనే చోట ఉండేది. మధ్యలో ఏళ్ల తరబడి మూతపడి, 2005లో తెరుచుకుంది. ఆ అక్టోబరులోనే తుఫాను, కొండచరియ విరిగి ఊరూ ఆస్పత్రీ బురదలో కలిసిపోయాయి. ఆ తుఫాను పేరు స్టాన్! మళ్లీ కట్టుకున్నారు. హుద్‌హుద్ తర్వాత 2014లో మన ఊరు ఎలా లేచిందో చూసినవాళ్లకి ఆ కష్టం తెలుస్తుంది.

జ్ఞానాపురం_జోజి
ఇవన్నీ మా కమిటీలో ఒక్కరూ మాట్లాడలేదు. అదే నా బాధ.

కొండగుడి_మరియ
జోజి అన్నయ్యా, నేను విగ్రహం పక్షాన మాట్లాడతా, కొట్టకు. మా మామ్మకి చదువు రాదు. డిసెంబరు 8న కొండగుడి ఎక్కి మాత ముఖం చూసి వచ్చి ఏడాదంతా ఆ ముఖంతోనే బతికేది. కళ్లకి ఏదో ఒకటి కనపడాలి. పిల్లలకి ఉపన్యాసం గుర్తుండదు, బొమ్మ గుర్తుంటుంది. అది డబ్బు దండగ అని కొట్టిపారెయ్యకు.

జ్ఞానాపురం_జోజి
మరియమ్మా, నిన్ను కాదనను. 50 వేలు అన్నచోట గుచ్చుకుంది నాకు.

పాత_ఉపదేశి
విగ్రహం సంగతి అసలు మన చేతిలో ఉందా అని ఎవరూ అడగలేదు. ఆయన ధన్యుడు, ఇంకా పునీతుడు కాలేదు. ధన్యుల బహిరంగ ఆరాధనకి హద్దులున్నాయి. ఆయన సొంత మేత్రాసనంలో (బిషప్‌గారి పరిధిలో), అనుమతి ఉన్న ఇంకొన్ని చోట్ల మాత్రమే. మన గుడిలో బలిపీఠం దగ్గర విగ్రహం పెట్టి పండుగ పూజ చెయ్యాలంటే పైనుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఇంట్లో, ప్రార్థన కూటంలో ఆయన్ని తలుచుకుని మొర పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. గోడకి పటం పెట్టుకుని కొవ్వొత్తి వెలిగించు మరియమ్మా, ఎవరూ వద్దనరు.

కొండగుడి_మరియ
పటం చాలు. నేను చేయిస్తా, నా డబ్బుతో.

పాడేరు_పిల్ల
వారం నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆగాను. పైన ఉపదేశిగారు రాసిన "త్సూతుహీల్ నేర్చుకున్నాడు" అన్న వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

మాది ఏజెన్సీ. ఇంట్లో కువి మాట్లాడతాం. సంతలో ఆదివాసి ఒడియా. తెలుగు నేను బడిలో నేర్చుకున్నా, అమ్మ నేర్చుకోలేదు. ఆరేళ్ల కిందట అమ్మకి కడుపునొప్పి. మా ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణుంచి జీపు, ఘాట్ దిగి విశాఖపట్నం. నేను అప్పుడు హాస్టల్లో, పరీక్షలు. మావయ్య తోడొచ్చాడు, ఆయనకీ తెలుగు అంతంతే. పెద్ద ఆస్పత్రి. ఓపీ చీటీ ఎక్కడో తెలీదు. డాక్టరుగారు ఏమడిగినా అమ్మ "ఊఁ" అంది. నొప్పి ఇక్కడా? ఊఁ. రాత్రా? ఊఁ. వాంతులా? ఊఁ. పెద్దవాళ్లు అడిగితే ఊఁ అనడం మాకు మర్యాద. దాన్నిబట్టి మందులు రాసిచ్చారు. మూడు రోజులకిచ్చిన బిళ్లలు అమ్మ ఒక్కపూటలో మింగేసింది. ఎలా మింగాలో తెలుగులో చెప్పారు మరి.

మళ్లీ తీసుకొచ్చారు, ఈసారి స్పృహ లేకుండా. వార్డులో పక్క మంచం రోగిని చూడ్డానికొచ్చిన ఒక ముసలి సిస్టరు, మలయాళీ ఆమె, అమ్మ మూలుగు విని కువిలో పలకరించిందట. మా కొండల్లో ఇరవై ఏళ్లు ఉండి వచ్చిందట. అమ్మ కళ్లు తెరిచి ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు అసలు నొప్పి ఎక్కడో, ఎప్పటిదో బయటపడింది. అమ్మ బతికింది.

ఆ సిస్టరు ఇప్పుడు లేరు. నేను ఆవిడకి ఏమీ చెయ్యలేకపోయాను. మీ దగ్గర 50 వేలు ఉంటే, కాదు, డబ్బే అక్కర్లేదు. వారానికి రెండ్రోజులు మా భాష వచ్చినవాళ్లు ఆస్పత్రి ఓపీ దగ్గర నిలబడితే చాలు. స్టాన్లీ ఫాదర్ పేరున చెయ్యాలంటే నాకు తోచేది ఇదొక్కటే.

జ్ఞానాపురం_జోజి
అమ్మా, నాకు కావలసింది ఇదే. నా నోట్లోంచి రాలేదు, నీ నోట్లోంచి వచ్చింది.

గాజువాక_గాబ్రి
నేను స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు. సెలవు రోజు వస్తా. కువి రాదు, నేర్చుకుంటా.

మర్రిపాలెం_మధు
మంచి ఆలోచన. కానీ కటువుగా ఉన్నా ఇప్పుడే చెప్పాలి. చర్చివాళ్లు ఆస్పత్రిలో గిరిజన రోగుల దగ్గర కూర్చుంటే రేపు మతం మార్చడానికొచ్చారని ఎవరో ఒకరు ఫోన్‌తో వీడియో తీస్తారు. అప్పుడు నష్టం రోగులకే. మీ మనసులో ఏముందో నాకు తెలుసు, వాళ్లకి తెలీదు.

డాల్ఫిన్‌నోస్_డేవిడ్
అంటే భయపడి మానెయ్యాలా? స్టాన్లీకీ అదే చెప్పారు కదా.

మర్రిపాలెం_మధు
మానమని అనలేదు డేవిడ్‌గారూ. జాగ్రత్త పడమన్నాను. రెంటికీ తేడా ఉంది.

పాడేరు_పిల్ల
మధుగారి మాట నిజం. మా ఊళ్లో కొందరు చర్చికెళ్తారు, ఎక్కువమంది కొండదేవతకి కోడి కోస్తారు. అమ్మా కోస్తుంది. ఆ సిస్టరు ఒక్కరోజూ అమ్మని ఏ దేవుడని అడగలేదు.

జ్ఞానాపురం_జోజి
అయితే ఇలా చేద్దాం. మెడలో గుర్తులొద్దు, కరపత్రాలొద్దు, ప్రార్థన చెయ్యమంటారా అని అడగడం కూడా వద్దు. ఆస్పత్రివాళ్ల రాతపూర్వక అనుమతితోనే. మధుగారూ, ఆ దరఖాస్తు మీరూ మేమూ కలిసి సంతకం పెడదామా?

మర్రిపాలెం_మధు
పెడతా. డ్రాఫ్టు నేనే రాస్తా, ఆ పని నాకు అలవాటు.

రిటైర్డ్_నర్సు
ముప్పైరెండేళ్లు వార్డుల్లో తిరిగాను. ఉత్సాహంతో వచ్చి పని చెడగొట్టినవాళ్లని చూశాను కాబట్టి నాలుగు మాటలు. రోగి చెప్పిందే చెప్పాలి, మీకు అర్థమైంది కాదు. "నొప్పి ఉందట" అని తేల్చేసి ఊరుకోవద్దు, ఆమె గుండెలో ఏదో పాకుతోంది అంటే డాక్టరుకి అదే మాట చేరాలి. ఊఁ, ఆఁ వచ్చే ప్రశ్న అడగొద్దు, "నాకు తిరిగి చెప్పు, బిళ్ల ఎప్పుడు మింగుతావు?" అని అడగండి. పాడేరు అమ్మాయి తల్లికి జరిగింది దానితోనే ఆగిపోయేది. ఆడవాళ్ల సంగతికి ఆడవాళ్లే ఉండాలి. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయించే తొందరలో ఎవరైనా ఉంటే, మొత్తం చెప్పేదాకా ఆగమనండి, మర్యాదగానే. విన్నది బయట చెప్పొద్దు, మీ విచారణలో కూడా చెప్పొద్దు. నేను నేర్పుతాను, రెండు ఆదివారాలు చాలు.

సీతమ్మధార_శారద
నాకు ఒడియా వచ్చు, మా పుట్టిల్లు కోరాపుట్ వైపు. ఆదివాసి ఒడియా కొంచెం వేరుగా ఉంటుంది, అయినా అందుకుంటాను. నన్ను రాసుకోండి. కొడుకు గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

జాలరిపేట_అప్పన్న
తీసుకోకండమ్మా. మాయమ్మ కూడా తీసుకోలేదు.

జ్ఞానాపురం_జోజి
నిన్న రాత్రి కమిటీ మళ్లీ కూర్చుంది. ఈ చర్చంతా చదివి వినిపించాను, పాడేరు అమ్మాయి రాసింది రెండుసార్లు చదవమన్నారు. ఉపదేశిగారు అనుమతి సంగతి చెప్పేసరికి విగ్రహం మాట పోయింది. విగ్రహం అడిగిన పెద్దాయనకి మనసు కష్టమవుతుందనుకున్నా. ఆయనే లేచి, ఘాట్ నుంచి వచ్చేవాళ్లు కాంప్లెక్స్‌లో దిగితే ఆస్పత్రి దాకా తన ఆటో ఉచితం అన్నారు. నేను ఆయన మీద కోప్పడ్డందుకు అందరి ముందూ క్షమించమని అడిగాను. ఫ్లెక్సీ లేదు. బిర్యానీ ఉంది, యువత ఒప్పుకోలేదు. 28 పొద్దున పటం దగ్గర జపమాల, ఉపదేశిగారు కథ చెప్తారు. పేర్లిచ్చినవాళ్లు ఇప్పటికి 11 మంది. సోమ, గురువారాలు అనుకున్నాం, ఆస్పత్రివాళ్లు సరేనంటే.

కొండగుడి_మరియ
పటం అయింది. వెనక సరస్సు కనిపించేలా ఫ్రేము కట్టించా. అదేదో మన సముద్రంలాగే ఉంది.

పాడేరు_పిల్ల
శనివారం సాయంత్రం 5కి కువి మొదటి పాఠం, గుడి వెనక గదిలో. పలకో నోట్‌బుక్కో తెచ్చుకోండి. అమ్మని కూడా తీసుకొస్తున్నా, ఊళ్లో కోతలు లేవు. మొదట "తిన్నావా" నేర్పాలంటోంది. అది అడక్కుండా నొప్పి ఎక్కడని అడిగితే మావాళ్లు ఎవరూ చెప్పరట.

గాజువాక_గాబ్రి
మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. సంస్కృతం సప్లిమెంటరీ అయ్యాక.

జ్ఞానాపురం_జోజి
తీసుకురండి. పక్క గేటు తీసి ఉంటుంది. కుర్చీలు తక్కువ, చాపలు వేయిస్తా.